సీషెల్స్ దీవుల్లో తెరచాప పడవ ప్రయాణం: ప్రకృతి, వన్యప్రాణులపై తరచుగా అడిగే ప్రశ్నలు

సీషెల్స్ ఎక్కడ ఉంది? దీవులన్నీ ఒకే రకంగా ఉంటాయా?

హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన, ఆఫ్రికా తూర్పు తీరానికి సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న 115 దీవుల దేశం సీషెల్స్. దీవులన్నిటి నేలా కలిపినా 460 చదరపు కిలోమీటర్లు దాటదు కానీ, ఆ దేశం అధీనంలోని సముద్రం మాత్రం 13 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. రాజధాని విక్టోరియా ఉన్న మాహే, దానికి చేరువలోని ప్రాలాన్, లా డీగ్, సిలూయెట్, క్యూరియూస్ వంటివి రాతి దీవులు. కొండలు, వాగులు, చిక్కటి అడవులు కనిపించేది వీటిలోనే. దూరాన ఉన్న అల్దాబ్రా, అమిరాంట్ దీవులు పగడపు సున్నం మీద ఏర్పడిన చదును నేలలు. పడవ అద్దెకు తీసుకుని వారం పది రోజులు తిరిగేవారు దాదాపు అందరూ రాతి దీవులనే చూస్తారు కనుక, ఇక్కడి సమాధానాలు ఎక్కువగా వాటి గురించే ఉంటాయి.

ఈ దీవులు ఒకప్పుడు మన దేశంతో కలిసి ఉండేవంటారు. నిజమేనా?

నిజమే. నడిసముద్రంలోని దీవులు సాధారణంగా అగ్నిపర్వతాల వల్లనో పగడాల వల్లనో పుడతాయి. మాహే, ప్రాలాన్ దీవులు అలా పుట్టినవి కావు. అవి గోండ్వానా అనే పురాతన మహాఖండం ముక్కలైనప్పుడు మిగిలిపోయిన తునకలు. అక్కడి గ్రానైట్ వయసు దాదాపు 75 కోట్ల సంవత్సరాలు. భారత ఉపఖండంతో కలిసి ఉన్న ఆ భూభాగం సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట, దక్కన్ పీఠభూమి మీద లావా వరదలు పారిన కాలానికి కాస్త అటూ ఇటూగా, విడిపోయి వెనుక ఉండిపోయింది. మనం ఉత్తరానికి సాగిపోయాం. వికారాబాద్ ప్రాంతంలోనూ, రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీలలోనూ కనిపించే నల్లరాయి ఆ లావా గడ్డకట్టిందే. అదే కాలపు అగ్నిశిలలతో ఏర్పడిన సిలూయెట్, నార్త్ దీవులు మాహే గ్రానైట్ కంటే వయసులో ఎంతో చిన్నవి.

ఈ బంధుత్వానికి రాళ్లే కాక కప్పలూ సాక్ష్యం చెబుతాయి. ఉప్పునీటిలో కప్పలు బతకలేవు కాబట్టి అవి సముద్రాన్ని ఈది కొత్త దీవులకు చేరడం బహు అరుదు. అయినా సీషెల్స్ కొండల్లో సూగ్లోసిడే అనే కుటుంబానికి చెందిన చిన్న కప్పలున్నాయి. వాటికి అత్యంత సమీప బంధువు మన పడమటి కనుమల్లో నేలలోపల బతుకుతూ 2003లో శాస్త్రలోకానికి తెలిసిన ఊదారంగు కప్ప. సీషెల్స్ కప్పల్లో గార్డినర్ కప్ప ఒక సెంటీమీటరును మించి పెద్దగా ఎదగదు. దానికి మధ్య చెవి లేదు. నోటి కుహరమే శబ్దాన్ని పట్టి లోపలి చెవికి అందిస్తుంది. మాహే కొండదారుల్లో రాలిన ఆకుల మధ్య నుంచి సన్నని కీచుమనే కూత వినిపిస్తే అది పురుగు అనుకుని సాగిపోకుండా ఒక్క నిమిషం ఆగి చూడండి.

తీరంలోని ఆ నున్నటి పెద్ద బండలు ఎలా ఏర్పడ్డాయి?

హైదరాబాద్ చుట్టుపక్కల బండలను చూసినవారికి ఇది కొత్త కాదు. భూగర్భంలో గడ్డకట్టిన గ్రానైట్‌కు పైనున్న మట్టి, రాయి కరిగిపోయే కొద్దీ బరువు తగ్గి పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి మూలలను ముందుగా తినేస్తుంది. చివరకు గుండ్రటి బండ ఒకదాని మీద ఒకటిగా మిగులుతుంది. సీషెల్స్‌లో దీనికి తోడు ఏడాది పొడవునా కురిసే వాన, ఉప్పుగాలి చేరాయి. అందుకే లా డీగ్‌లోని ఆన్స్ సూర్స్ దార్జాన్ తీరంలో బండల పైనుంచి కిందికి, మనిషి చేయి పట్టేంత లోతైన నిలువు గాడులు కనిపిస్తాయి. దగ్గరకు వెళ్లి చూస్తే రాతిలోని గులాబీ, బూడిద రంగు గింజలు విడివిడిగా తెలుస్తాయి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఖనిజానిది.

ఈ తీరం ముందున్న నీరు మోకాలి లోతు మాత్రమే, బయట పగడపు గట్టు అడ్డంగా ఉంటుంది. పడవ అక్కడికి రాదు. లా పాస్ రేవులో పడవ ఆపి, సైకిల్ మీదనో నడిచో వెళ్లాలి. ప్రపంచంలో ఎక్కువగా ఫొటోలు తీసిన తీరాల్లో ఇదొకటి అంటారు. పగటిపూట జనం చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. పొద్దున్నే వెళ్లడం మంచిది.

ఏ నెలల్లో వెళ్లాలి?

మీరు ఏం చూడాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడి ఏడాదిని రెండు గాలులు పంచుకుంటాయి. మే నుంచి అక్టోబరు వరకు ఆగ్నేయం నుంచి వీచే గాలి నిలకడగా, బలంగా ఉంటుంది. వాన తక్కువ, అలలు ఎక్కువ. డిసెంబరు నుంచి మార్చి వరకు వాయవ్యపు గాలి వీస్తుంది; అది తేలికైనదే గాని వాన ఎక్కువ, జనవరిలో కుండపోతలు సాధారణం. ఏప్రిల్, నవంబరు నెలల్లో గాలి దిశ మారుతుంది. సముద్రం చదునుగా, నీరు తేటగా ఉండి, నీటి అడుగున చూడడానికి అవి అన్నిటికంటే అనువైన రోజులు.

తెరచాప మీదే ఎక్కువ దూరం సాగాలనుకునేవారికి ఆగ్నేయ గాలి కాలమే నచ్చుతుంది. సముద్రపు పక్షులు గుంపులుగా గూళ్లు కట్టేదీ చాలావరకు అప్పుడే. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడాన్ని చూడాలంటే మాత్రం అక్టోబరు నుంచి జనవరి లోపు వెళ్లాలి. పిల్లలతో, పడవ అలవాటు లేని పెద్దలతో వెళ్లేవారికి నా సలహా ఏప్రిల్. గాలి లేక ఇంజను మీద నడవాల్సి వచ్చినా, సముద్రపు వికారం లేకుండా చూడాల్సినవి చూసి రావచ్చు.

తుఫానుల భయం ఉంటుందా?

రాతి దీవులకు లేదనే చెప్పాలి. భూమధ్యరేఖకు నాలుగైదు డిగ్రీల లోపు భూభ్రమణ ప్రభావం బలహీనంగా ఉండడం వల్ల అక్కడ తుఫాను సుడి తిరగడం కష్టం. దక్షిణాన ఉన్న దూరపు దీవుల సంగతి వేరు. 2016లో ఫంటాలా తుఫాను ఫార్కహార్ దీవిని చితక్కొట్టింది.

కోకో ద మేర్ చెట్లను ఎక్కడ చూడవచ్చు? వాటి ప్రత్యేకత ఏమిటి?

సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద రెండే దీవుల్లో: ప్రాలాన్, దాని పక్కనున్న క్యూరియూస్. ప్రాలాన్ నడుమ 20 హెక్టార్లకు కొంచెం తక్కువ విస్తీర్ణంలో ఉన్న వాలే ద మే లోయ 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పడవను బే సెంట్ ఆన్ రేవులో ఉంచితే అక్కడి నుంచి లోయ దగ్గరే.

పేరులో కొబ్బరి ఉన్నా ఈ చెట్టు కొబ్బరికంటే మన తాడిచెట్టుకు దగ్గరి చుట్టం. పోతుతాడి, పెంటితాడి వేరువేరుగా ఉన్నట్టే ఇందులోనూ మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టుకు మనిషి చేయికంటే పొడవైన పూగుత్తి వేలాడుతుంది. దాని మీది చిన్న పసుపు పూలను నాకుతూ ఆకుపచ్చ బల్లులు తిరుగుతుంటాయి. ఆడ చెట్టు పాతికేళ్లు నిండే దాకా కాయదు, కాసిన కాయ ముదరడానికి ఆరేడేళ్లు పడుతుంది. వృక్షజాతిలోకెల్లా పెద్ద గింజ ఇదే. 25 కిలోల దాకా తూగుతుంది. లేతగా ఉన్నప్పుడు లోపల ముంజ వంటి గుజ్జే ఉంటుంది. ఇంత పెద్ద గింజను పెంచే శక్తి ఆ నిస్సారమైన నేల నుంచి ఎలా వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆకుల్లో ఉంది. మడతలు మడతలుగా ఉండే పెద్ద ఆకు వాననీటిని, దానితోపాటు పుప్పొడిని, పక్షుల రెట్టలను, రాలిన చెత్తను తొట్టిలా పట్టి, కాడ మీదుగా కాండం మొదట్లోకి దించుతుంది. చెట్టు తన ఎరువును తానే పోగుచేసుకుంటుందన్నమాట. వాన కురుస్తున్నప్పుడు లోయలో ఉంటే, గొడుగు తీసే ముందు ఒక కాండం మొదలును గమనించండి.

మన దేశంతో దీనికి పాత సంబంధమే ఉంది. ఒట్టి చిప్పలు సముద్రంలో కొట్టుకుని మాల్దీవులకూ మన తీరాలకూ చేరేవి. చెట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియని రోజుల్లోనే వాటిని కోసి సాధువులు కమండలాలుగా వాడేవారు. హౌరా వృక్షోద్యానంలో 1894లో ఈ చెట్టును ఒకటి నాటారు.

కాయను కొని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రభుత్వ ధ్రువపత్రం ఉన్న కాయను, లైసెన్సు ఉన్న దుకాణంలో కొంటేనే తేవచ్చు. పత్రం లేని కాయను విమానాశ్రయంలో స్వాధీనం చేసుకుంటారు. కాయల దొంగతనమే ఈ చెట్టు తరువాతి తరాన్ని దెబ్బతీస్తున్నది కనుక, రేవులో ఎవరైనా చవకగా ఇస్తామంటే దూరంగా ఉండండి. కొనకుండా చూసి రావడమే నా దృష్టిలో మేలు.

పక్షుల అభయారణ్యమైన కజిన్ దీవికి మా పడవలోనే వెళ్లి దిగవచ్చా?

వీల్లేదు. మీ పడవ తీరానికి దూరంగా ఆగాలి. మీ చిన్న రబ్బరు పడవ కూడా ఇసుకను తాకకూడదు; దీవి సంరక్షకులే తమ పడవలో వచ్చి మిమ్మల్ని తీసుకెళతారు. సందర్శన వారపు పనిదినాల్లో, ఉదయం పూట మాత్రమే. అరీడ్ దీవిలోనూ ఇదే పద్ధతి. కొందరికి ఇది అతిగా అనిపించవచ్చు. కారణం ఎలుక. కట్టలు కట్టలుగా సరుకులు ఉండే పడవలో ఒక్క చూలు ఎలుక దాగి ఉండి తీరం చేరితే, నేల మీద గూడు పెట్టే పక్షులకు ఆ దీవిలో ఇక చోటుండదు. మాంసాహార క్షీరదాలు లేకుండానే కోట్ల ఏళ్లు గడిచిన ఈ దీవుల్లో పక్షులకు తప్పించుకోవడం తెలియదు.

ఆ జాగ్రత్త ఫలితం దీవిలో అడుగుపెట్టిన మరుక్షణమే కనిపిస్తుంది. తెల్లటి తోక పక్షి చెట్టు మొదట్లో, దారికి రెండడుగుల దూరంలో, పొదుగుతూ కూర్చుని మిమ్మల్ని చూస్తుంది గాని లేవదు. తెల్ల టెర్న్ పక్షి గూడే కట్టదు. ఒట్టి కొమ్మ మీద ఉన్న చిన్న పల్లంలో ఒకే ఒక గుడ్డు నిలబెడుతుంది. పైసోనియా చెట్ల గింజలు జిగురుగా ఉండి పక్షుల ఈకలకు అంటుకుంటాయి. అవి అలా కొత్త దీవులకు చేరతాయి. గింజలు మరీ ఎక్కువగా అంటుకున్న పక్షి ఎగరలేక అక్కడే చనిపోతుంది. కొమ్మల మీది గూళ్ల నుంచి జారిన చేపలకూ గుడ్లకూ నేల మీద నున్నటి నలికిరులు కాచుకుని ఉంటాయి.

1968లో ఈ దీవిని పక్షి సంరక్షణ సంస్థ ఒకటి కొనే నాటికి ఇది కొబ్బరితోట. సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలు ప్రపంచంలో ముప్పైకి లోపే, అవన్నీ ఇక్కడే ఉండేవి. కొబ్బరిని నరికి పాత అడవిని తిరిగి రానిచ్చారు. దీవి నిండాక 1988లో అరీడ్‌కు, తరువాత కజీన్ (పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే దీవి), డెనిస్, ఫ్రిగేట్ దీవులకు కొన్ని పిట్టలను తరలించారు. ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి. సీషెల్స్ ప్రయాణంలో ఒక్క పూటే చేతిలో ఉంటే ఏం చూడాలని అడిగేవారికి నేను ఏ బీచి పేరూ చెప్పను, కజిన్ పేరే చెబుతాను.

మరే పక్షులను ప్రత్యేకంగా వెతకాలి?

ప్రాలాన్‌లో నల్ల చిలుక, ఈ దేశపు జాతీయ పక్షి. దాని ఈల పొద్దున పూట వాలే ద మే చుట్టుపక్కల వినిపిస్తుంది; చిలుక మాత్రం ఆకుల నీడలో కలిసిపోతుంది. లా డీగ్‌లోని వేవ్ అభయారణ్యంలో ప్యారడైజ్ ఫ్లైక్యాచర్: మగది పొడవాటి తోకతో నీలం మెరిసే నలుపు, ఆడది ఇటుక రంగు ఒళ్లు, తెల్లటి పొట్ట, నల్లటి తల. ఒకప్పుడు ఇది లా డీగ్‌కే పరిమితమై ఉండేది; 2008లో డెనిస్ దీవికి, 2018లో క్యూరియూస్‌కు తరలించారు. పాలపిట్టంత లేని మ్యాగ్‌పై రాబిన్ 1970 నాటికి ఫ్రిగేట్ దీవిలో మాత్రమే, ఇరవైకి లోపు, మిగిలి ఉండేది. ఇప్పుడు కజిన్‌లో అది మీ కాళ్ల దగ్గరకే వచ్చి, మీరు కదిపిన ఆకుల కింద పురుగులను ఏరుకుంటుంది.

పెద్ద తాబేళ్లు ఎక్కడ ఉంటాయి? ముట్టుకోవచ్చా?

పడవవాళ్లకు అన్నిటికంటే సులువైన చోటు క్యూరియూస్. 1978 నుంచి కొన్నేళ్లపాటు అల్దాబ్రా నుంచి తెచ్చి వదిలిన తాబేళ్ల సంతతి బే లారే తీరంలో స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. పెద్ద మగ తాబేలు 250 కిలోల దాకా పెరుగుతుంది. మెడ కింద మెల్లగా రాస్తే కొన్ని లేచి నిలబడి మెడ చాస్తాయి. సంరక్షకులు అనుమతిస్తేనే ఆ పని చేయండి. చిప్ప మీద కూర్చోవడం, పిల్లలను కూర్చోబెట్టడం మాత్రం తప్పు.

తాబేళ్ల దగ్గరి నుంచి వెళ్లే చెక్క వంతెన దారి మడ అడవి గుండా దీవి అవతలి వైపుకు సాగుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులతో పోలిస్తే ఇది పెరడంతే, కానీ పీతలూ బురదమీద గెంతే చేపలూ ఇక్కడ కాళ్ల కిందే కనిపిస్తాయి. పక్కనే సముద్రంలోకి కట్టిన పాత రాతిగోడ సముద్రపు తాబేళ్లను పెంచడానికి వేసిన చెరువుది. 2004 సునామీ దాన్ని పడగొట్టింది. దారి చివర ఉన్న వైద్యుడి పాత బంగ్లా, ఈ దీవి కుష్ఠురోగుల నివాసంగా ఉన్న కాలానిది.

సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడాన్ని చూడగలమా?

చూడగలరు, అదీ పట్టపగలు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆలివ్ రిడ్లేలు రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. సీషెల్స్‌లో హాక్స్‌బిల్ తాబేళ్లు అక్టోబరు నుంచి జనవరి వరకు పగటి వెలుగులోనే ఇసుక ఎక్కుతాయి. చిప్ప కోసం వాటిని వేటాడిన కాలం ఎంతో దూరం కాదు. ఆ వ్యాపారాన్ని 1994లో నిషేధించారు. తాబేలు కనిపిస్తే దాని ముందుకు వెళ్లకండి. గొయ్యి తవ్వడం పూర్తయి గుడ్లు పెట్టడం మొదలయ్యే దాకా అది ఏ కాస్త కదలికకైనా బెదిరి వెనక్కి తిరుగుతుంది. వెనుక వైపు, వంగి, మౌనంగా ఉండాలి.

నీటి అడుగున పగడాలు ఇంకా బాగున్నాయా?

పూర్వపు అందంతో పోలిస్తే లేవు. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు రాతి దీవుల చుట్టూ బతికున్న పగడంలో 90 శాతం దాకా చచ్చిపోయింది. మెల్లగా కోలుకుంటుండగా 2016లో మరోసారి దెబ్బ తగిలింది. కజిన్ దగ్గర 2010 నుంచి పగడపు ముక్కలను తాళ్లకు కట్టి నీటిలోనే నారుపోసి, ఎదిగాక దిబ్బ మీద నాటుతున్నారు.

అయితే ఇక్కడ చేపలు పగడం మీదే ఆధారపడి లేవు. నీటిలోకి దిగిన గ్రానైట్ బండల సందులు వాటికి ఇళ్లు. ప్రాలాన్ ఎదుట ఉన్న సెయింట్ పియర్ అనే చిన్న రాతి తిట్ట, లా డీగ్ ఉత్తరాన ఉన్న కోకో దీవి, మాహే పడమటి కొసన బే టెర్నే: ఈ మూడింటిలో ఊపిరి గొట్టంతో ఈదినా చాలు, చిలుకచేపల గుంపులు, రే చేపలు, తాబేళ్లు కనిపిస్తాయి. చెవులు నీటిలో ఉంచి వింటే చిలుకచేపలు పగడాన్ని కొరికే కటకట శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. అవి తిని విసర్జించిన సున్నపు పొడి కూడా మీరు నడిచే తెల్లటి ఇసుకలో భాగమే.

లంగరు ఎక్కడైనా వేయవచ్చా?

సముద్ర ఉద్యానవనాల్లో కట్టుతేలుడు (పడవ కట్టడానికి నీటిలో తేలుతూ ఉండే గుండు) ఉన్నచోట దానికే పడవ కట్టాలి. రుసుము వసూలు చేయడానికి సంరక్షకులు పడవలో వస్తారు. మిగతాచోట్ల ఇసుక మీదే లంగరు దించాలి. పగడం మీద పడిన గొలుసు, గాలి మారినప్పుడల్లా తిరుగుతూ చుట్టూ ఉన్నదంతా నలిపేస్తుంది. నీరు తేటగా ఉండడం వల్ల ఇసుక లేత ఆకుపచ్చగా, పగడం గోధుమ రంగు మచ్చలుగా పైనుంచే తెలుస్తుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చేరుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. పడవలు అద్దెకిచ్చే సంస్థలు సాధారణంగా రాత్రి ప్రయాణాన్ని అనుమతించవు కాబట్టి పొద్దుగూకే లోపు చోటు చూసుకోక తప్పదు.

ప్రమాదకరమైన జంతువులు ఉన్నాయా?

నేల మీద పెద్దగా లేవు. స్థానిక పాములు రెండు జాతులు, రెండూ మనుషులకు హాని చేయనివి. అరచేయంత సాలీడు దారుల మీద పెద్ద పెద్ద గూళ్లు అల్లి భయపెడుతుంది గాని ఏమీ చేయదు. జెర్రులతో మాత్రం జాగ్రత్త. నీటిలో ముళ్ల సముద్రపు ఉర్చిన్లు, రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ ఉంటాయి కనుక చెప్పులతోనే దిగండి. 2011 ఆగస్టులో ప్రాలాన్‌లోని ఆన్స్ లాజియో దగ్గర సొరచేపల దాడిలో ఇద్దరు మరణించారు. అలాంటివి ఇక్కడ చాలా అరుదు. నిజానికి జంతువులకంటే అలలే ఎక్కువ ప్రమాదం. ఆగ్నేయ గాలి కాలంలో లా డీగ్‌లోని గ్రాండ్ ఆన్స్ తీరం చూడడానికే తప్ప ఈతకు కాదు.

మాహేలో అడవి చూడడానికి ఒక రోజు కేటాయించాలా?

తప్పకుండా. అందరూ విమానం దిగి నేరుగా మెరీనాకు వెళ్లిపోతారు, అది పొరపాటు. 905 మీటర్ల మోర్న్ సేషెల్వా శిఖరం చుట్టూ ఉన్న జాతీయ ఉద్యానవనంలో మంచు కమ్మిన అడవి ఉంది. పై బండల మీద పురుగులను పట్టే కూజా మొక్కలు తీగలుగా పాకి ఉంటాయి. అంతరించిందనుకుని 1970లలో మళ్లీ కనుగొన్న జెల్లీఫిష్ చెట్టు ఈ దీవిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. కింది వాలుల్లో ఎటు చూసినా దాల్చిన చెట్లే. అవి 1772లో ఫ్రెంచివారు వేసిన సుగంధద్రవ్యాల తోట నుంచి బయటపడి కొండలన్నీ ఆక్రమించినవి. ఆకు నలిపితే వచ్చే వాసన బాగానే ఉంటుంది, స్థానిక మొక్కలకు మాత్రం అది శాపం.

అల్దాబ్రా వరకు పడవలో వెళ్లవచ్చా?

అద్దె పడవలో కుదరదు. మాహేకు 1,100 కిలోమీటర్ల దూరంలో, మడగాస్కర్‌కు దగ్గరగా ఉన్న ఈ పగడపు వలయంలో సుమారు లక్ష పెద్ద తాబేళ్లు, ఎగరలేని తెల్లగొంతు రైల్ పక్షి ఉన్నాయి. 1960లలో ఇక్కడ సైనిక విమానాశ్రయం కట్టబోతే శాస్త్రవేత్తల వ్యతిరేకతతో ఆ ఆలోచన ఆగింది. 1982లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ముందస్తు అనుమతితో పరిశోధక, యాత్రా నౌకలు కొన్ని మాత్రమే వెళతాయి, ఖర్చు భారీగా ఉంటుంది. ఆ డబ్బుతో రాతి దీవుల్లో మరో రెండు వారాలు గడపడమే నయమని నా అభిప్రాయం.

ఏమేమి తీసుకెళ్లకూడదు, తెచ్చుకోకూడదు?

గవ్వలు, పగడపు ముక్కలు, తాబేటిచిప్పతో చేసిన వస్తువులు ఏవీ తేకూడదు. ఖాళీ గవ్వ కూడా సన్యాసి పీతకు ఇల్లే. పండ్లు, విత్తనాలు, మొక్కలు వెంట తీసుకెళ్లకండి. దీవి దీవికీ మధ్య బూట్ల అడుగున అంటిన మట్టిని, సంచుల అడుగున చేరిన చీమలను దులిపి కడగాలి. పసుపు పిచ్చిచీమ అనే జాతి ఇప్పటికే ప్రాలాన్ అడవిలోకి చొరబడింది. కూరగాయల అట్టపెట్టెలను పడవలోకి ఎక్కించకుండా, రేవులోనే విప్పి సరుకు మాత్రం లోపలికి తీసుకోండి. బొద్దింకలూ ఎలుకలూ ఎక్కువగా వచ్చేది ఆ పెట్టెల్లోనే.